ఫ్రిట్స్ వుండర్లిష్ గొంతు విన్నప్పటి నుంచి వేరే ఏదీ వినబుద్ధి కావట్లేదు, ఈయన గురించి తెలిసినవాళ్ళు కాస్త చెప్తారా?

కొత్తశ్రోత (ప్రశ్న)

ముందే చెప్పేస్తాను, నాకు ఒపెరా గురించి తెలిసింది చాలా తక్కువ, జర్మన్ ఒక్క ముక్క కూడా రాదు. మొన్న రాత్రి హెడ్‌ఫోన్స్ పెట్టుకుని పని చేసుకుంటుంటే ఒక పాట అయిపోయి దానంతట అదే ఇంకోటి మొదలైంది. మొజార్ట్ ‘మ్యాజిక్ ఫ్లూట్’లో రాజకుమారుడు టమీనో ఒక అమ్మాయి బొమ్మను చేతిలో పట్టుకుని చూస్తూ పాడే పాట అది. కథ అంతా తర్వాత చదివి తెలుసుకున్నాను, వింటున్నప్పుడు నాకేమీ తెలియదు. పాట సగంలో ఉండగా ఏదో ప్రశ్న అడిగినట్టు గొంతు ఆగిపోయింది, ఆర్కెస్ట్రా కూడా ఆగిపోయింది. నెట్ పోయిందేమో అనుకుని ఫోన్ చేతిలోకి తీసుకున్నాను. ఈలోగా మళ్ళీ మొదలైంది, ఎంత మెల్లగా మొదలైందంటే, ఆ మనిషి పక్కన కూర్చుని తనలో తాను అనుకుంటున్నట్టు. ఆ రాత్రి పని పక్కన పెట్టేసి అదే పాట ఐదారు సార్లు విన్నాను.

పాడినాయన పేరు ఫ్రిట్స్ వుండర్లిష్, జర్మన్ టెనర్ (మగవాళ్ళలో పై స్థాయి గొంతును అలా అంటారట), 1966లో చనిపోయారు, అప్పటికి 36 ఏళ్ళు కూడా నిండలేదు. నాకు దొరికిన వివరాలు ఇంతే. ఆ పాట కింద అన్ని భాషల్లోనూ జనం రాసిన మాటలు చూస్తే సొంత మనిషిని పోగొట్టుకున్నట్టు ఉన్నాయి. 60 ఏళ్ళ కిందట పోయిన మనిషి కోసం ఇంత బాధా?

నా ప్రశ్నలు ఇవి. ఈయన ఎక్కడి నుంచి వచ్చారు, ఎలా పైకొచ్చారు? నిజంగానే అంత గొప్ప గాయకుడా, లేక చిన్న వయసులో పోవడం వల్ల పేరు పెరిగిందా? ఇటాలియన్ ఒపెరాలు కూడా ఈయన జర్మన్‌లో పాడినవే ఎక్కువ కనిపిస్తున్నాయి, ఎందుకలా? నాలాంటివాళ్ళు దేనితో మొదలుపెడితే బాగుంటుంది? కాస్త ఓపిగ్గా చెప్పండి, సాంకేతిక పదాలు వాడినా పర్లేదు, వెతుక్కుంటాను.

పాతరికార్డులు (జవాబు)

మీ ప్రశ్న చూసి చాలా సంతోషమేసిందండీ. నేను ఈయన్ని 20 ఏళ్ళుగా వింటున్నాను, కాబట్టి ఈ జవాబు కాస్త పెద్దదే అవుతుంది.

పుట్టింది 1930 సెప్టెంబరు 26న, నైరుతి జర్మనీలో పాలటినేట్ ప్రాంతంలోని కూసెల్ అనే చిన్న ఊళ్ళో. అమ్మ వయొలిన్ వాయించేది, నాన్న సంగీత బృందాలు నడిపేవాడు. ఇల్లంతా సంగీతమే, కానీ సుఖం మాత్రం లేదు. నాన్నకు యుద్ధంలో తగిలిన గాయాలు పూర్తిగా మానలేదు, దానికి తోడు నాజీలు అధికారంలోకి వచ్చాక వాళ్ళ ఒత్తిడితో ఉద్యోగం పోయింది. 1935లో ఆత్మహత్య చేసుకున్నాడు. అప్పటికి ఫ్రిట్స్‌కి ఐదేళ్ళు. ఆ తర్వాత అమ్మ సంగీతం పాఠాలు చెప్పుకుంటూ పిల్లల్ని పెంచింది. యుద్ధం, యుద్ధం తర్వాతి కరువు, అన్నీ ఆ ఇంటి మీదుగానే వెళ్ళాయి.

కుర్రాడిగా ఉన్నప్పుడు బేకరీలో పనిచేశాడు. ఎప్పుడూ పాడుతూ ఉండేవాడట, దారిన పోయేవాళ్ళు, ఇరుగుపొరుగువాళ్ళు విని ‘నువ్వు ఉండాల్సిన చోటు ఇది కాదు, వెళ్ళి సంగీతం చదువుకో’ అని పోరుపెట్టారు. అలా స్కాలర్‌షిప్ మీద ఫ్రైబుర్గ్ సంగీత కళాశాలలో చేరాడు. ఇక్కడో సంగతి గుర్తుపెట్టుకోండి, అక్కడ ఆయన పాటతో పాటు ఫ్రెంచ్ హార్న్ కూడా నేర్చుకున్నాడు. ఖర్చులకు డబ్బు కావాలి కాబట్టి రాత్రిళ్ళు డ్యాన్స్ బ్యాండ్లలో వాయించేవాడు, పాడేవాడు. పొద్దున మొజార్ట్, రాత్రి జనం చిందులేసే పాటలు. తర్వాత రోజుల్లో ‘గ్రనాడా’ లాంటి తేలికపాటి పాటలు పాడినప్పుడు ఆయన గొంతులో కనిపించే హుషారు పై నుంచి పూసింది కాదు, అది ఆ బ్యాండ్ల రోజుల్లోనే అబ్బింది.

ఫ్రైబుర్గ్‌లో ఆయనకు పాట నేర్పినావిడ మార్గరెట్ ఫోన్ వింటర్‌ఫెల్ట్. ఆవిడకు చూపు లేదు. శిష్యుడి నోరు, భంగిమ, ముఖం ఏవీ చూడకుండా కేవలం విని దిద్దిన గురువు. నాకు ఆ విషయం తెలిసినప్పటి నుంచి ఈయన పాట వింటుంటే అది గుర్తురాకుండా ఉండదు.

1954లో విద్యార్థులు వేసిన ‘మ్యాజిక్ ఫ్లూట్’లో మొదటిసారి టమీనో పాడాడు. 1955లో స్టుట్‌గార్ట్ ఒపెరాలో చేరాడు. కొత్తవాళ్ళకు చిన్న వేషాలే ఇస్తారు కదా, ఈయనకూ అంతే. కానీ కొద్ది కాలానికే ఒక రాత్రి టమీనో పాడాల్సిన యోజెఫ్ ట్రాక్సెల్ ఒంట్లో బాగాలేదని తప్పుకోవడంతో ఈయన్ని రంగం మీదికి తోశారు. ఆ ఒక్క రాత్రితో బతుకు మారిపోయింది. స్టుట్‌గార్ట్‌లోనే హార్ప్ వాయించే ఏవా యుంగ్‌నిచ్‌ని 1956లో పెళ్ళి చేసుకున్నాడు, ముగ్గురు పిల్లలు. 1958లో ఫ్రాంక్‌ఫర్ట్, 1960 నుంచి మ్యూనిక్‌లోని బవేరియా స్టేట్ ఒపెరా, 1962 నుంచి వియన్నా కూడా. మధ్యలో 1959లో జాల్స్‌బుర్గ్ ఉత్సవంలో కార్ల్ బ్యోమ్ కండక్టర్‌గా నడిపిన రిచర్డ్ స్ట్రాస్ ఒపెరాలో పాడాడు, జర్మనీ బయట పేరు మోగిపోవడం అక్కడి నుంచే. అదే ఏడాది స్టుట్‌గార్ట్‌లో కార్ల్ ఓర్ఫ్ కొత్త ఒపెరా ‘ఈడిపస్’ మొదటి ప్రదర్శనలో గుడ్డి జ్యోతిష్కుడు టైరీసియస్ వేషం కట్టాడు. ఆయన్ని తియ్యటి గొంతు అని మాత్రమే అనుకునేవాళ్ళు అది ఒక్కసారి వినాలి, ఒళ్ళు గగుర్పొడుస్తుంది.

ఇక చావు సంగతి. 1966 సెప్టెంబరులో మౌల్‌బ్రోన్ దగ్గర ఓబర్‌డెర్డింగెన్‌లో స్నేహితుడి వేట బంగళాకి సెలవు మీద వెళ్ళాడు. రాత్రి రాతి మెట్ల మీద నుంచి పడిపోయాడు. తల పగిలింది. హైడెల్‌బెర్గ్ ఆసుపత్రికి తీసుకెళ్ళారు కానీ 17న పోయాడు. ఇంకో తొమ్మిది రోజులైతే 36వ పుట్టినరోజు. అక్టోబరులో న్యూయార్క్ మెట్రోపాలిటన్ ఒపెరాలో ‘డాన్ జొవాన్నీ’తో మొదటిసారి పాడాల్సి ఉంది. సమాధి మ్యూనిక్‌లో ఉంది.

జర్మన్‌లో ఎందుకు పాడాడన్నారు కదా. ఆ రోజుల్లో జర్మనీ ఒపెరా హౌస్‌లలో ఏ దేశపు ఒపెరా అయినా జర్మన్‌లోకి మార్చుకుని పాడటమే పద్ధతి, చూడ్డానికి వచ్చిన జనానికి మాట అర్థం కావాలని. ఏడాది పొడవునా జీతం మీద ఉండే గాయకులతో ఇవాళ ఒకటి, రేపు ఇంకొకటి ఆడే హౌస్‌లు అవి. వెర్డి, పుచ్చీని, చైకోవ్‌స్కీ అందరూ జర్మన్‌లోనే మాట్లాడేవాళ్ళు. ఇటాలియన్‌లో ఎలా ఉండేవాడో తెలియాలంటే 1965లో మ్యూనిక్‌లో టెరేసా స్ట్రాటాస్‌తో పాడిన ‘లా ట్రావియాటా’ లైవ్ ఉంది, వెతకండి.

గొంతుసాధన (జవాబు)

పైన చాలా బాగా రాశారు. నేను పాట నేర్చుకుంటున్న మనిషిని, కాబట్టి ‘నిజంగా అంత గొప్పా’ అన్న దానికి చెవి వైపు నుంచి జవాబు చెప్తాను.

మీరు విన్న పాటనే తీసుకుందాం. 1964లో కార్ల్ బ్యోమ్ బెర్లిన్ ఫిల్‌హార్మోనిక్‌తో చేసిన రికార్డింగే విని ఉంటారని నా ఊహ. మొదటి రెండు స్వరాలు చూడండి. మనవాళ్ళ లెక్కలో చెప్పాలంటే మంద్ర పంచమం నుంచి ఒక్క అంగలో మధ్య స్థాయి గాంధారానికి ఎక్కాలి. గొంతు ఇంకా వేడెక్కక ముందే, ఆర్కెస్ట్రా రెండు ముక్కలు వాయించి ఆగగానే, నీ దారి నువ్వు చూసుకో అన్నట్టు ఉంటుంది. చాలామంది టెనర్లు ఆ పై స్వరాన్ని చేరగానే దాని మీద ఒక తోపు తోస్తారు, అది వినగానే తెలిసిపోతుంది. వుండర్లిష్ దగ్గర ఆ తోపు లేదు. కింది స్వరంలో ఉన్న గాలే ఆగకుండా పైకి వెళ్ళి అక్కడ వెడల్పవుతుంది. ఎక్కినట్టు ఉండదు, తలెత్తి చూసినట్టు ఉంటుంది. బొమ్మను చూస్తున్న మనిషి పాట కాబట్టి అది అలాగే ఉండాలి కూడా.

మీరు నెట్ పోయిందనుకున్న చోటు గురించి. టమీనో అక్కడ ‘ఆమె నా ఎదురుగా ఉంటే నేను... నేనేం చేస్తాను?’ అని తనను తాను అడుగుతాడు. దాని తర్వాత మొజార్ట్ ఒక నిశ్శబ్దం రాసిపెట్టాడు, ఆర్కెస్ట్రాకి కూడా విశ్రాంతి. కుర్రాడికి జవాబు తెలియదు, ఆలోచిస్తున్నాడు. తర్వాత వచ్చే మాట ‘గుండెకు హత్తుకుంటాను, ఇక ఎప్పటికీ నాదే’ అని. ఈ నిశ్శబ్దంలో గాయకుడు ఊపిరి ఎలా తీసుకున్నాడన్నదే అసలు పరీక్ష. గట్టిగా పీల్చుకుంటే ఆలోచన చెదిరిపోతుంది. మంచి హెడ్‌ఫోన్స్‌లో ఇంకోసారి వినండి, ఆయన ఊపిరి ఎక్కడ తీసుకున్నాడో పట్టుకోవడానికి నాకు చాలాసార్లు వినాల్సి వచ్చింది.

హార్న్ సంగతి గుర్తుపెట్టుకోండి అని పైన రాశారు కదా, అది ఎందుకో నేను చెప్తాను. ఫ్రెంచ్ హార్న్ చాలా మొండి వాయిద్యం. పెదవుల బిగువు, గాలి ఒత్తిడి ఒక్క రవ్వ తేడా వచ్చినా స్వరం పగిలిపోతుంది, పక్క స్వరానికి జారిపోతుంది. అందుకని హార్న్ వాయించేవాళ్ళు స్వరం పుట్టకముందే దాన్ని మనసులో విని, గాలిని దానికి తగ్గట్టు సిద్ధం చేసుకుంటారు. ఏళ్ళ తరబడి అది సాధన చేసిన మనిషికి పాటలో ఊపిరి గురించి వేరే చెప్పాల్సిన పని ఉండదు. ఆయన స్వరాలు ఎప్పుడూ కింద నుంచి పాకుతూ శ్రుతిలోకి రావు, నేరుగా మధ్యలోనే పుడతాయి.

ఇంకొకటి. జర్మన్ భాషలో హల్లులు గుంపులు గుంపులుగా వస్తాయి, పాటకు అడ్డం పడతాయి. ఆ హల్లుల్ని మింగేస్తే పాట సాగుతుంది కానీ మాట పోతుంది, నొక్కి పలికితే మాట ఉంటుంది కానీ పాట ముక్కలవుతుంది. ఈయన రెండూ వదులుకోలేదు. జర్మన్ రాని మీకు కూడా అక్కడ ‘ఏదో ప్రశ్న అడిగినట్టు’ వినిపించిందంటే కారణం అదే. మీరు రాసిన ఆ ఒక్క వాక్యం చాలు, ఆయన గొప్పేమిటో చెప్పడానికి.

మూడోవరుస (జవాబు)

నాకూ ఈయనంటే ప్రాణం, అయినా ఒక మాట వేరుగా చెప్పాలి. చిన్న వయసులో పోవడం వల్ల పేరు పెరిగిందా అని అడిగారు, ఇద్దరూ ఆ ప్రశ్నను పక్కన పెట్టారు.

కొంత పెరిగింది. కాదనడం కష్టం. 35 దగ్గర ఆగిపోయిన గొంతు ముసలిదవ్వదు, తప్పు పాత్రలు ఎంచుకోదు, 55 ఏళ్ళ వయసులో పై స్వరానికి తడబడదు. ఆయన మరికొన్నేళ్ళకు బరువైన పాత్రల వైపు వెళ్ళేవాడేమో, వాగ్నర్ ‘లోహెన్‌గ్రిన్’ పాడేవాడేమో అని జనం ఇప్పటికీ ఊహించుకుంటూ ఉంటారు. ఆ ఊహల్లో ఆయన ఎప్పుడూ గెలుస్తూనే ఉంటాడు. జర్మన్ టెనర్ అనగానే చాలామందికి వాగ్నర్ వీరుల పాత్రలే గుర్తొస్తాయి, స్టుట్‌గార్ట్‌లో అదే కాలంలో ఉన్న వోల్ఫ్‌గాంగ్ విండ్‌గాసెన్ అలాంటివాడు. వుండర్లిష్‌ది ఆ జాతి కాదు, లిరిక్ టెనర్, అంటే తేలికైన మృదువైన గొంతు, వాగ్నర్‌లో రికార్డుల మీద మనకు దొరికేవి చిన్న పాత్రలే. ‘ఫ్లయింగ్ డచ్‌మన్’లో చుక్కాని పట్టే నావికుడిగా 1960 రికార్డింగ్‌లో ఉన్నాడు, చిన్న పాటే, కానీ కాపలా కాస్తూ కళ్ళు మూతలు పడుతున్న కుర్రాడు కళ్ళ ముందుకొస్తాడు.

పియానోతో పాడే జర్మన్ పాటలు, లీడర్ అంటారు వాటిని, అవి ఆయనకు మొదట్లో పట్టుబడలేదు. ఒపెరా గొంతుతో, అందంగా, పైపైన పాడుతున్నాడని విమర్శ వచ్చింది. ఇది నేను తగ్గించి చెప్పడానికి రాయట్లేదు, నాకు ఆయన మీద గౌరవం పెరిగింది ఇక్కడే. పేరు, డబ్బు, చేతినిండా ఒపెరాలు ఉన్న మనిషి మళ్ళీ విద్యార్థిలా కూర్చున్నాడు. స్టుట్‌గార్ట్‌లో హ్యూబర్ట్ గీసెన్ అనే పెద్దాయన, పియానో సహకారంలో తలపండినవాడు, ఆయన దగ్గర ఒక్కొక్క పాట ముందేసుకుని మాట మాట విడగొట్టి నేర్చుకున్నాడు. ఆ తర్వాత ఇద్దరూ కలిసి కచేరీలు చేశారు. ప్రాణ స్నేహితుడు హెర్మాన్ ప్రై, బారిటోన్ (టెనర్ కంటే కింది స్థాయి మగ గొంతు), అప్పటికే లీడర్‌లో దిట్ట, ఆయన సాంగత్యం కూడా కలిసొచ్చింది.

ఫలితం వినాలంటే రెండు పక్కపక్కన పెట్టుకోండి. షూమన్ ‘డిష్టర్‌లీబె’, హైనె కవితలకు 1840లో కట్టిన 16 పాటల మాల. ఆయన స్టూడియో రికార్డింగ్ ఒకటి ఉంది, బాగుంటుంది, శుభ్రంగా ఉంటుంది. 1966 సెప్టెంబరు 4న ఎడిన్‌బరో ఉత్సవంలో పాడిన కచేరీ రికార్డింగ్ ఇంకొకటి. చనిపోవడానికి 13 రోజుల ముందు, ఆయన చివరి కచేరీ అది. మొదటి పాట వసంతం గురించి, ప్రేమ మొలకెత్తడం గురించి. కానీ షూమన్ దాన్ని పూర్తిచేయడు, చివరి స్వరం సమాధానపడకుండా గాలిలో వేలాడుతూ ఆగిపోతుంది. స్టూడియోలో ఆ పాట అందంగా ఉంది. ఎడిన్‌బరోలో ఆ వేలాడే చోటికి వచ్చేసరికి కుర్రాడికి జరగబోయేది ముందే తెలిసినట్టు ఉంటుంది. శబ్దం స్టూడియో అంత బాగుండదు, అక్కడక్కడా లైవ్ కరుకుదనం కూడా ఉంటుంది, అయినా నాకు అదే కావాలి. ఆ మనిషి ఇంకా నేర్చుకుంటూనే ఉన్నాడని తెలుస్తుంది అందులో.

కాబట్టి నా జవాబు ఇదీ: చావు వల్ల ఆయన చుట్టూ కథ పెరిగింది, నిజమే. అయితే ఇటలీ టెనర్ పవరోట్టిని ఒక ఇంటర్వ్యూలో టెనర్లందరిలో గొప్పవాడు ఎవరని అడిగితే ఈయన పేరు చెప్పాడు. గొంతుతో బతికే మనిషి కథలు చూసి అలా చెప్పడు కదా.

పాతరికార్డులు (జవాబు)

మూడోవరుస గారూ, మీ మాట ఒప్పుకుంటున్నాను, ఎడిన్‌బరో గురించి మరీనూ. స్టూడియో రికార్డింగ్‌ను నేను మీకంటే కొంచెం ఎక్కువ ప్రేమిస్తాను, అది అలవాటు కావచ్చు. కానీ ‘పేరు పెరిగింది’ అన్నదానికి ఒక రికార్డింగ్ చూపిస్తాను. అది బయటికి వచ్చేసరికి ఆయన లేడు, కానీ పాడినప్పుడు అలా జరుగుతుందని ఎవరికీ తెలియదు.

మాలర్ ‘దాస్ లీడ్ ఫోన్ డెర్ ఎర్డె’, అంటే భూమి పాట. చైనా కవితల జర్మన్ అనువాదాలకు కట్టిన ఆరు భాగాలు, 1, 3, 5 టెనర్‌కి, మిగిలినవి ఆల్టో గొంతుకి, అంటే ఆడవాళ్ళలో కింది స్థాయి గొంతుకి. మాలర్ తన చెవులతో వినకుండానే 1911లో పోయాడు, అదే ఏడాది నవంబరులో మ్యూనిక్‌లో బ్రూనో వాల్టర్ మొదటిసారి వినిపించాడు. దీన్ని కండక్టర్ ఒట్టో క్లెంపరర్ లండన్‌లో రికార్డు చేశాడు. క్లెంపరర్ కుర్రాడిగా ఉన్నప్పుడు మాలర్ చేరదీసిన మనిషి, కాబట్టి ఆ సంగీతం ఆయనకు పుస్తకంలోంచి వచ్చింది కాదు.

వుండర్లిష్ తన మూడు భాగాలూ 1964లో పాడేశాడు. ఆ ఏడాదే ఫిల్‌హార్మోనియా ఆర్కెస్ట్రాను దాని స్థాపకుడు వాల్టర్ లెగ్ రద్దు చేస్తున్నానని ప్రకటిస్తే, వాయిద్యకారులే చేతులు కలిపి న్యూ ఫిల్‌హార్మోనియా అని కొత్తగా నిలబెట్టుకున్నారు. అందుకే ఆ రికార్డు అట్ట మీద రెండు పేర్లూ ఉంటాయి. ఆల్టో భాగాలు పాడిన క్రిస్టా లుడ్విగ్ వాటిని పూర్తిచేసింది 1966లో. అంటే మనం ఒకే పనిగా వినే దాంట్లో ఇద్దరు గాయకులూ ఆ పాటల కోసం కలిసి నిలబడలేదు. రికార్డు విడుదలయ్యింది 1967లో.

మొదటి భాగం తాగుడు పాట. ఆర్కెస్ట్రా హోరుకి మామూలు లిరిక్ టెనర్ కొట్టుకుపోతాడు, అందుకే ఎక్కువగా బరువైన గొంతులవాళ్ళని పెడతారు, వాళ్ళేమో హోరును గెలవడానికి అరుస్తారు. అందులో ‘చీకటే బతుకు, చీకటే చావు’ అన్న అర్థం వచ్చే పల్లవి ఒకటి మూడుసార్లు వస్తుంది, వచ్చిన ప్రతిసారీ అర స్వరం పైకి జరుగుతుంది. అంటే మూడోసారికి గొంతు అలిసిపోయి ఉన్నప్పుడు ఇంకా పైన పాడాలి. వుండర్లిష్ మూడోసారి కూడా దాన్ని అరవకుండా దుఃఖంలా పాడతాడు. ఆ హోరు మీద అది ఎలా తేలుతుందో గొంతుసాధన గారే చెప్పాలి, నాకు తెలిసిందల్లా ఆ చోటికి వచ్చినప్పుడు నేను చేస్తున్న పని ఆపేస్తాను.

2008లో బీబీసీ మ్యూజిక్ మ్యాగజైన్ వాళ్ళు రికార్డింగ్ యుగపు గొప్ప టెనర్ల జాబితా వేస్తే ఈయన 4వ స్థానంలో ఉన్నాడు, ముందున్న ముగ్గురూ డొమింగో, కరూసో, పవరోట్టి. మెట్రోపాలిటన్‌లో ఒక్కసారి కూడా పాడని మనిషి, రంగం మీద ఉన్నది 11 ఏళ్ళు.

కొత్తశ్రోత

అందరికీ చాలా చాలా థ్యాంక్స్ అండీ. ఇంత వివరంగా రాస్తారని అనుకోలేదు. రెండు రోజులుగా ఇదే పని మీద ఉన్నాను.

గొంతుసాధన గారూ, మీరు చెప్పినట్టే హెడ్‌ఫోన్స్ పెట్టుకుని, లైట్లు తీసేసి ఆ నిశ్శబ్దం దగ్గర విన్నాను. ఊపిరి నాకు దొరకలేదు. ప్రశ్న ముందు ఒకటి వినపడింది, తర్వాత లేదు. ఎప్పుడు తీసుకున్నారో అర్థం కాలేదు. ఆ మంద్ర పంచమం, గాంధారం లెక్క చెప్పాక హమ్ చేసి చూసుకున్నాను, చేరుకోవడం కష్టం కాదు, చేరిన తర్వాత తోయకుండా ఉండటమే కష్టం అని ఇప్పుడు అర్థమైంది.

ఎడిన్‌బరో కచేరీ కూడా విన్నాను. ఒక్కటే ఇబ్బంది, చప్పట్లు మొదలైనప్పుడల్లా నాకు లెక్క గుర్తొస్తోంది, ఇంకా 13 రోజులు అని. మీలో ఎవరికైనా అది ఎప్పటికైనా పోయిందా? లేకుండా వినడం కుదురుతుందా?

ఇంకొక చిన్న ప్రశ్న. ఆయన నటిస్తుండగా చూసే అవకాశం ఏమైనా ఉందా?

పాతరికార్డులు

వీడియో ఉందండీ. 1959 క్రిస్మస్‌కి మ్యూనిక్ నుంచి టీవీలో ప్రసారమైన ‘బార్బర్ ఆఫ్ సెవిల్’, జర్మన్‌లోనే. ఈయన అల్మవీవా ప్రభువు, హెర్మాన్ ప్రై ఫిగరో. ఒకరి పాట ఒకరు అందుకుంటూ, నవ్వు ఆపుకుంటూ, ఇద్దరు కుర్రాళ్ళు అల్లరి చేస్తున్నట్టు ఉంటుంది. మీరు అడిగిన మొదటి ప్రశ్నకు కూడా అదే నా మందు. ఆ లెక్క గుర్తొచ్చినప్పుడు నేను ఇది పెట్టుకుంటాను. అందులో ఆయనకు 29, నవ్వుతున్నాడు.

మూడోవరుస

నాకైతే ఆ లెక్క పోలేదు. ఇంకా ఎక్కువైంది కూడా, హైడెన్ ‘క్రియేషన్’ విన్నాక. కండక్టర్ కరయాన్ దాని రికార్డింగ్ 1966లో ఈయనతో మొదలుపెట్టాడు, టెనర్ పాడే యూరియెల్ దేవదూత పాత్ర. పాటలు రికార్డయ్యాయి, మధ్యమధ్య మాటల్లా సాగే రెసిటేటివ్‌లు తర్వాత చేద్దామని ఆపారు. ఆ తర్వాత అనేది రాలేదు. మిగిలిపోయినవి వెర్నర్ క్రెన్ అనే ఇంకో టెనర్ చేత పాడించి 1969లో పూర్తిచేశారు.

అందులో ఒక చోటు ఉంటుంది. ‘దేవుడు తన పోలికలో మనిషిని చేశాడు’ అని రెసిటేటివ్‌లో క్రెన్ చెప్తాడు, మంచి గొంతే, శ్రద్ధగా చెప్తాడు. ఆ వెంటనే ఆ మనిషిని వర్ణించే పాట మొదలవుతుంది, నిటారుగా నిలబడి ఆకాశం వైపు చూసేవాడు అని, అది వుండర్లిష్ గొంతు. రెండింటి మధ్యా ఒక్క క్షణం ఉంటుంది. మీకు జర్మన్ రాకపోయినా గొంతు మారడం తెలిసిపోతుంది. వింటే ఇక్కడ రాయండి, మీకు ఎలా అనిపించిందో.